పికప్ బండికి ఏ గ్రేడ్ ఇంజన్ ఆయిల్? తరచుగా అడిగే ప్రశ్నలు

బొలేరో పికప్, దోస్త్, యోధా, టాటా ఏస్, డీ-మ్యాక్స్ లాంటి బండ్లు నడిపేవాళ్ల కోసం ఈ పేజీ. కూరగాయలు, చేపలు, పాలు, ఇసుక, సిమెంటు, ఏది వేసుకుని తిరిగినా ఇంజన్‌కు కావలసింది ఒకటే. సరైన గ్రేడ్ ఆయిల్, సరైన టైముకి మార్చడం. కానీ ఆ సరైన గ్రేడ్ ఏది అన్నదగ్గరే షాపువాడు ఒకటి చెప్తాడు, మెకానిక్ ఒకటి చెప్తాడు, పక్క బండి డ్రైవర్ ఇంకోటి చెప్తాడు.

డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉంటుంది. ఆ అంకెలకు అర్థం ఏంటి?

ఆయిల్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకెలవి. అమెరికాలోని ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ పెట్టిన కొలత. డబ్ల్యూ అంటే వింటర్, అంటే చలికాలం. డబ్ల్యూకి ముందున్న అంకె, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్తుంది. ఆ అంకె ఎంత చిన్నదైతే చలిలో అంత త్వరగా పారుతుంది. చివరి అంకె, ఇంజన్ వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుతుందో చెప్తుంది. దాన్ని 100 డిగ్రీల దగ్గర కొలుస్తారు. చిక్కదనాన్ని సెంటీస్టోక్స్ అనే లెక్కలో చెప్తారు, అంకె పెద్దదైతే ఆయిల్ అంత చిక్కన. ఆ వేడి దగ్గర 30 గ్రేడ్ ఆయిల్ 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య, 40 గ్రేడ్ 12.5 నుంచి 16.3 మధ్య, 50 గ్రేడ్ 16.3 నుంచి 21.9 మధ్య ఉండాలి.

చాలామంది 15 అంటే 15 డిగ్రీల చలి, 40 అంటే 40 డిగ్రీల ఎండ అనుకుంటారు. అది తప్పు. అవి ఉష్ణోగ్రతలు కావు, క్లాసు నంబర్లు మాత్రమే.

మన ఎండలకు చిక్కటి ఆయిలే మంచిది కదా? రెంటచింతలలో, రామగుండంలో 45 డిగ్రీలు దాటుతుంది.

అందరూ అడిగేది ఇదే, ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే.

ఇంజన్ వేడి ఎండ మీద ఆధారపడేది తక్కువ. కూలింగ్ సిస్టమ్‌లో థర్మోస్టాట్ ఉంటుంది. అది డిసెంబర్లో అయినా మే నెలలో అయినా కూలెంట్‌ను దాదాపు ఒకే వేడి దగ్గర పట్టి ఉంచుతుంది. మామూలు లోడుతో రోడ్డు మీద పోతున్న బండిలో ఆయిల్ వేడి 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటుంది. బయట 25 డిగ్రీలు ఉన్నా, 45 ఉన్నా, ఆయిల్‌కు పడే తేడా మీరు అనుకున్నంత ఉండదు. దాన్ని నిజంగా కాల్చేది లోడు, ఎక్కుడు, చిన్న గేరులో గంటలకొద్దీ లాగడం. టన్నున్నర మోయాల్సిన బండి మీద రెండున్నర టన్నులు వేసి పాడేరు ఘాట్ ఎక్కిస్తే, అది జనవరి అయినా ఆయిల్ మాడుతుంది.

ఇంకో సంగతి. ఎండాకాలం పొద్దున 35 డిగ్రీల దగ్గర బండి స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ పలచగా ఉండదు, చాలా చిక్కగా ఉంటుంది. మామూలు 15డబ్ల్యూ-40 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర 105 నుంచి 115 సెంటీస్టోక్స్ దాకా ఉంటుంది. అదే ఆయిల్ 100 డిగ్రీల దగ్గర 14 లేదా 15కి దిగుతుంది. అంటే మనం వేడి అనుకునే వాతావరణంలో కూడా స్టార్టింగ్‌లో ఆయిల్ కావలసినదానికన్నా ఏడెనిమిది రెట్లు చిక్కగా ఉందన్నమాట. దాన్ని ఇంకా చిక్కబరిస్తే పై భాగానికి, టర్బోకి చేరడం ఇంకా ఆలస్యమవుతుంది. ఆముదంలాంటి చిక్కటి ఆయిల్ పోసుకుని తిరిగితే ఇంజన్ గట్టిగా ఉంటుందన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో గాని, పాత తరం మెకానిక్కుల్లో ఇంకా బలంగా ఉంది.

మెకానిక్ 5డబ్ల్యూ-30 చూసి "ఇది నీళ్లలా ఉంది, బేరింగులు పోతాయి" అన్నాడు. నిజమేనా?

చేతి మీద వేసుకుని, వేళ్ల మధ్య రుద్ది చూసి చెప్పే మాట అది. అక్కడ ఆయిల్ వేడి 30 డిగ్రీలు. బేరింగు లోపల 150 డిగ్రీల దగ్గర, విపరీతమైన ఒత్తిడిలో ఎలా ఉంటుందో వేళ్లకు తెలియదు.

దానికి వేరే కొలత ఉంది, హెచ్‌టీహెచ్ఎస్ అంటారు. 150 డిగ్రీల దగ్గర, వేగంగా తిరిగే భాగాల మధ్య నలుగుతున్నప్పుడు ఎంత పొర మిగులుతుందో అది చెప్తుంది. 15డబ్ల్యూ-40కి ఇది కనీసం 3.7 ఉండాలి. మామూలు 30 గ్రేడ్‌కి 2.9 ఉంటే చాలు. ఇక్కడే కిటుకు ఉంది. 30 గ్రేడ్ ఆయిళ్లన్నీ ఒకటి కావు. ఏసీఈఏ అంటే యూరప్ బండ్ల కంపెనీల సంఘం, అది ఆయిళ్లకు పెట్టిన క్లాసులే సీ2, సీ3 లాంటివి. ఏసీఈఏ సీ3 అని రాసి ఉన్న 5డబ్ల్యూ-30కి కనీసం 3.5 ఉండి తీరాలి. అంటే బేరింగు దగ్గర అది 15డబ్ల్యూ-40కి బాగా దగ్గర్లో ఉంటుంది, స్టార్టింగ్‌లో మాత్రం త్వరగా పారుతుంది. అదే సీ2 అని ఉన్న 5డబ్ల్యూ-30కి 2.9 ఉన్నా సరిపోతుంది. రెండు డబ్బాల మీదా పెద్దక్షరాల్లో 5డబ్ల్యూ-30 అనే ఉంటుంది. అందుకే ముందు వైపు అంకె చూసి ఊరుకోకుండా డబ్బా తిప్పి వెనక చిన్నక్షరాలు చదవాలి.

మనకు చలి లేదు కదా, డబ్ల్యూ ముందు అంకె ఎంతైనా పరవాలేదా?

5డబ్ల్యూ అయినా, 15డబ్ల్యూ అయినా వాటికి పెట్టే పరీక్షలు సున్నాకు చాలా కింద. 15డబ్ల్యూని మైనస్ 20 దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. లంబసింగిలో సున్నా దగ్గరికి వచ్చినా 15డబ్ల్యూ బండి స్టార్ట్ అవుతుంది. కాబట్టి స్టార్ట్ అవుతుందా లేదా అన్న టెన్షన్ మనకు లేదు. త్వరగా చేరుతుందా అన్నదే చూసుకోవాలి. రోజుకు ముప్పై నలభై సార్లు ఆపి స్టార్ట్ చేసే పాల బండికి ఈ తేడా కొంచెం పనికొస్తుంది. రాత్రి ఎక్కితే తెల్లారేదాకా ఆగని లైను బండికి పెద్దగా తెలియదు.

నాది బీఎస్6 డీజిల్ బండి. షాపులో పాతకాలం 15డబ్ల్యూ-40 చవగ్గా ఇస్తానంటున్నారు. పోయొచ్చా?

వద్దు. ఇది చిక్కదనం గొడవ కాదు, బూడిద గొడవ.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 అనే పొగ నిబంధనలు వచ్చాయి. ఆ డీజిల్ బండ్లలో చాలావాటికి పొగగొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పొగలోని మసిని అది పట్టి ఉంచి, అప్పుడప్పుడు బాగా వేడెక్కించి కాల్చేస్తుంది. మసి కాలిపోతుంది గాని బూడిద కాలదు. ఆ బూడిద వచ్చేది చాలావరకు ఇంజన్ ఆయిల్లో కలిపిన మందుల నుంచే. ప్రతి ఇంజన్ ఎంతో కొంత ఆయిల్ తాగుతుంది. ఆ తాగిన ఆయిల్లోని బూడిద ఫిల్టర్లో పేరుకుని ఎప్పటికీ పోదు. చివరికి బండికి పికప్ పోతుంది, లైటు వెలుగుతుంది, ఫిల్టర్ మార్చాలంటారు. దాని ధర ముందు ఆయిల్లో మిగిల్చుకున్న డబ్బులు ఎందుకూ కొరగావు.

అందుకే బీఎస్6 బండ్లకు తక్కువ బూడిద ఉండే ఆయిల్ అడుగుతారు. ఏసీఈఏ సీ3లో బూడిద 0.8 శాతం మించకూడదు. అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ పెట్టిన క్లాసులు సీజే-4, సీకే-4 లలో 1 శాతం. సీఐ-4, సీహెచ్-4 లాంటివి ఈ ఫిల్టర్లు రాకముందు పుట్టిన ఆయిళ్లు. పాత బండ్లకు అవి బాగా పనిచేశాయి, ఇప్పటికీ చేస్తాయి. బీఎస్6 బండికి అవి సరిపడవు.

కంపెనీ బుక్కులో గ్రేడ్ ఎంత ఉందో, దాని పక్కన ఈ అక్షరాలు ఏం ఉన్నాయో రెండూ కలిపి చూడాలి. నా లెక్కలో బీఎస్6 బండికి అక్షరాలదే పెద్దపీట. అంకెలో ఒక మెట్టు తేడా వస్తే ఇంజన్ సర్దుకుంటుంది. బూడిద విషయంలో ఫిల్టర్ సర్దుకోదు.

సీఎఫ్-4, సీహెచ్-4, సీఐ-4, సీకే-4... వీటిలో ఏది పెద్దది?

సీ తర్వాత వచ్చే అక్షరం ముందుకు పోయేకొద్దీ కొత్తది. సీఐ-4 2002లో వచ్చింది, సీజే-4 2006లో, సీకే-4 2016 చివర్లో. పాతది అడిగిన డీజిల్ బండికి కొత్తది పోయొచ్చు, కొత్తది అడిగిన బండికి పాతది పోయకూడదు. ఒక్క ఎఫ్ఏ-4ని మాత్రం ఈ లెక్కలో కలపొద్దు. అది పలచని ఆయిల్ కోసమే డిజైన్ చేసిన ఇంజన్లకు వచ్చింది. బుక్కులో ఆ పేరు లేకపోతే ముట్టుకోవద్దు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, బుక్కు లేదు. ఏ ఆయిల్ పోయాలి?

ఆయిల్ పోసే మూత మీద, బానెట్ కింద స్టిక్కర్ మీద చాలా బండ్లకు రాసే ఉంటుంది. లేకపోతే ఛాసిస్ నంబర్ పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్లో అడిగితే చెప్తారు. మోడల్ పేరు ఒక్కటే చెప్తే చాలదు. అదే పేరుతో బీఎస్3, బీఎస్4, బీఎస్6 బండ్లు మూడూ రోడ్డు మీద ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఆయిల్ అయ్యుండొచ్చు. ఆర్‌సీలో తయారీ సంవత్సరం చూడండి. ఫిల్టర్లు లేని పాత డీజిల్ పికప్పుల్లో ఎక్కువ వాటికి 15డబ్ల్యూ-40 వాడకమే నడిచింది. "ఆ పాత ఓనరు ఏది పోసేవాడో అదే" అన్న సలహా మాత్రం పట్టించుకోకండి. ఆయన ఎందుకు అమ్మేశాడో మనకు తెలియదు.

ఎప్పుడూ ఓవర్‌లోడే. ఘాట్ రోడ్లే. ఒక గ్రేడ్ పెంచుకోవచ్చా?

కొన్ని కంపెనీల బుక్కుల్లో వాతావరణాన్ని బట్టి రెండు మూడు గ్రేడ్ల పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో ఉన్నంతవరకు చిక్కటిది ఎంచుకోవచ్చు. 5డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-40 రెండూ ఉంటే, మదనపల్లె టమాటా చెన్నైకి దింపి మొగిలి ఘాట్ ఎక్కి వచ్చే బండికి 5డబ్ల్యూ-40 వేసుకోవడం మంచి పనే. పట్టికలో లేని 20డబ్ల్యూ-50కి దూకడం మంచి పని కాదు. చిక్కటి ఆయిల్‌తో ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి ఇంజన్ బలపడిందనుకుంటారు. ప్రెషర్ పెరగడం అంటే ఆయిల్ ఎక్కువ పారుతోందని కాదు. పారడానికి అడ్డు పెరిగినా ప్రెషర్ పెరుగుతుంది. చల్లని ఇంజన్లో ఆ ప్రెషర్ మరీ ఎక్కువైతే ఫిల్టర్ దగ్గరున్న బైపాస్ తెరుచుకుని, ఆయిల్ వడకట్టకుండానే పోతుంది.

గ్రేడ్ కన్నా ఇక్కడ మార్చే గడువు ముఖ్యం. బుక్కులోనే కష్టమైన వాడకానికి వేరే లెక్క రాసి ఉంటుంది. ఎక్కువ లోడు, దుమ్ము, ఘాట్లు, ఆగి ఆగి పోవడం, ఎక్కువసేపు ఐడ్లింగ్, ఇవన్నీ అందులోకే వస్తాయి. నిజం చెప్పాలంటే మన పికప్పుల్లో సగానికి పైగా ఆ కోవలోనే ఉంటాయి. ఇటుక బట్టీలకు, ఇసుక రీచ్‌లకు తిరిగే బండికి గడువు తగ్గించి, గాలి ఫిల్టర్ శుభ్రంగా ఉంచితే చాలు. గాలిలోంచి పోయిన దుమ్ము ఇంజన్‌ను అరగదీసినంతగా, గ్రేడ్‌లో ఒక మెట్టు తేడా అరగదీయదు.

ఘాట్ ఎక్కగానే టర్బో బండిని ఠక్కున ఆపేయకండి. ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచండి. లేకపోతే టర్బో షాఫ్ట్ దగ్గర ఆగిపోయిన ఆయిల్ ఆ వేడికి మాడి గట్టిపడుతుంది.

డిప్‌స్టిక్ చూస్తే ఆయిల్ తగ్గడం పోయి పెరిగింది. ఇదేం మాయ?

మాయ కాదు, డీజిల్. డీపీఎఫ్‌లో మసి కాల్చడానికి ఇంజన్ కొంచెం ఎక్కువ డీజిల్ కొడుతుంది. ఆ కాల్పు మధ్యలో బండి ఆపేస్తుంటే, ఆ డీజిల్లో కొంత సిలిండర్ గోడల మీదుగా కింద ఆయిల్ నిలిచే చాంబర్లోకి దిగుతుంది. ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులు కొట్టే బండ్లకు ఇది ఎక్కువ. డీజిల్ కలిసిన ఆయిల్ పలచబడుతుంది. డబ్బాలో 40 గ్రేడ్ పోసినా ఇంజన్లో తిరిగేది 30 అయిపోవచ్చు. లెవెల్ పై గీత దాటితే కొంచెం తీసేసి సరిపెట్టుకోవడం కాదు, మొత్తం మార్చాలి. అప్పుడప్పుడు హైవే మీద అరగంట ఆగకుండా నడిపితే ఆ కాల్పు పూర్తవుతుంది.

పెరిగిన ఆయిల్ టీ రంగులోకి మారి నురగలా ఉంటే అది డీజిల్ కాదు, కూలెంట్ కలుస్తోంది. బండి అక్కడే ఆపి మెకానిక్‌ను పిలవండి.

మార్చిన రెండో రోజుకే నల్లగా అయిపోయింది. డూప్లికేటా?

డీజిల్ ఇంజన్లో మంచి ఆయిల్ కూడా త్వరగా నల్లబడుతుంది. మసిని పేరుకోనీకుండా తనలో కలుపుకోవడం దాని పనే. రంగు చూసి ఆయిల్ మార్చక్కర్లేదు. కిలోమీటర్లు, నెలలు రెండింటిలో ఏది ముందొస్తే అప్పుడు మార్చండి. పెట్రోల్, సీఎన్‌జీ బండ్లలో దీనికి తిరకాసు ఉంది. ఆయిల్ ఎంతకాలం తిరిగినా తేటగా కనిపిస్తుంది, అది చూసి గడువు పొడిగిస్తారు. సీఎన్‌జీలో మసి లేకపోయినా వేడికి ఆయిల్ పాడవుతూనే ఉంటుంది.

బండి మూడు లక్షల కిలోమీటర్లు తిరిగింది, ఆయిల్ తాగుతోంది. 20డబ్ల్యూ-50 పోస్తే తగ్గుతుందా?

కొంచెం తగ్గుతుంది. అరిగిన సందుల్లోంచి చిక్కటి ఆయిల్ నెమ్మదిగా జారుతుంది కాబట్టి. ఫిల్టర్ లేని పాత డీజిల్ బండికి, ఇంజన్ పనికి డబ్బు సర్దుబాటు అయ్యేదాకా ఇది తాత్కాలికంగా చేసుకునే ఉపాయం, తప్పులేదు. కానీ ఆయిల్ ఎటు పోతోందో ముందు చూడండి. బయట కారుతోందా, టర్బో నుంచి పోతోందా, రింగుల నుంచా? రాత్రంతా ఆగి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వచ్చి తగ్గితే వాల్వ్ సీళ్లను అనుమానించాలి, అది చిన్న పనే. లోడులో ఆగకుండా నీలం పొగ, ఆయిల్ మూత తీస్తే ఆవిరి బుసబుసా కొడుతుంటే ఇంజన్ బోరుకొచ్చినట్టే, అంటే సిలిండర్లు, రింగులు అరిగిపోయినట్టే. దానికి ఏ డబ్బాలోనూ మందు లేదు.

దారిలో ఆయిల్ తగ్గింది. అదే గ్రేడ్ దొరకలేదు. వేరేది కలపొచ్చా?

కలపండి. తక్కువ ఆయిల్‌తో నడపడం కన్నా వేరే గ్రేడ్ కలపడం వెయ్యి రెట్లు నయం. ఏపీఐ గుర్తు ఉన్న ఇంజన్ ఆయిళ్లు ఒకదానితో ఒకటి కలిసేలాగే చేస్తారు. సింథటిక్‌లో మినరల్ కలిసినా గడ్డ కట్టదు. బీఎస్6 బండి అయితే వీలైనంత త్వరగా మొత్తం మార్చుకోండి. బండి చదునుగా ఉన్నచోట ఆపి, పది నిమిషాలాగి, రెండు గీతల మధ్యకు వచ్చేదాకా మాత్రమే పోయండి. పై గీత దాటి పోస్తే క్రాంక్ ఆయిల్లో చిలికి నురగ తెప్పిస్తుంది.

ఇంట్లో ట్రాక్టర్ ఆయిల్ ఉంది, బైక్ ఆయిల్ ఉంది. వాడొచ్చా?

ట్రాక్టర్ ఇంజన్ ఆయిల్ అయితే డబ్బా వెనక గ్రేడ్, అక్షరాలు మీ బండి బుక్కుతో సరిపోతేనే వాడండి. ట్రాక్టర్ హైడ్రాలిక్, గేరుబాక్సు ఆయిల్ మాత్రం ఇంజన్లో పోయకూడదు. బైక్ ఆయిల్ క్లచ్ కూడా అందులోనే మునిగి ఉండే ఇంజన్ల కోసం, అది డీజిల్ మసిని తట్టుకోదు.

డాలస్‌లో ఉండే మా తమ్ముడి పికప్‌లో 0డబ్ల్యూ-20 పోస్తారట. అంత పెద్ద బండికి అంత పలచనా?

అవును. అక్కడి పికప్పుల్లో చాలావరకు పెట్రోల్ ఇంజన్లు. ఎక్కువమంది ఖాళీగానో, కొద్ది బరువుతోనో తిరుగుతారు. పలచని ఆయిల్‌తో మైలేజీ కొంచెం పెరుగుతుంది, ప్రభుత్వం పెట్టిన మైలేజీ లెక్కలు అందుకోవడానికి కంపెనీలకు ఆ కొంచెమే కావాలి. ఇంజన్ సందులు, పంపు దానికి తగ్గట్టే చేస్తారు.

అయితే ఈ మధ్య ఒక ఆసక్తికరమైన సంగతి జరిగింది. 2025 ఏప్రిల్లో జనరల్ మోటార్స్ 2021 నుంచి 2024 దాకా అమ్మిన 6.2 లీటర్ల వీ8 పికప్పులు, పెద్ద ఎస్‌యూవీలు అమెరికాలోనే దాదాపు 6 లక్షలు వెనక్కి పిలిచింది. క్రాంక్, కనెక్టింగ్ రాడ్ల తయారీలో లోపాలు. పరీక్షలో బాగున్నాయని తేలిన బండ్లకు 0డబ్ల్యూ-20 బదులు 0డబ్ల్యూ-40 పోయమంది. దీన్ని చూపించి "చూశారా, చిక్కటిదే మంచిది" అనేవాళ్లున్నారు. తయారీ లోపం ఉన్న ఇంజన్‌కు కంపెనీ ఇచ్చిన అదనపు రక్షణ అది. డబ్ల్యూ ముందు సున్నాను మాత్రం మార్చలేదు, గమనించండి.

సింథటిక్ పోస్తే గడువు రెండింతలు పొడిగించొచ్చా?

కంపెనీ చెప్పిన గడువే గడువు. సింథటిక్ వేడికి ఎక్కువకాలం నిలుస్తుంది, కానీ మసి, డీజిల్, దుమ్ము దాన్ని వదిలిపెట్టవు. ఆయిల్‌తో పాటు ఫిల్టర్ ప్రతిసారీ మార్చండి.

డూప్లికేట్ ఆయిల్‌ను ఎలా పట్టుకోవాలి?

కళ్లతో పట్టుకోవడం కష్టం, డబ్బాలు అసలువే అయ్యుంటాయి. బిల్లు ఇచ్చే చోట కొనండి. సీలు, బ్యాచ్ నంబరు, తేదీ చూడండి. మీ కళ్ల ముందే సీలు తీయించండి. మార్చడం అయ్యాక ఖాళీ డబ్బాకు చిల్లు పొడిచి వదలండి, దాన్ని మళ్లీ నింపి అమ్మలేరు. సగం ధరకు దొరికే డ్రమ్ము ఆయిల్‌తో బేరం పెట్టుకోకండి.

తీసేసిన కాలిన ఆయిల్‌ను ఏం చేయాలి?

మన దగ్గర సెంట్రింగ్ రేకులకు పూస్తారు, చెదలు పట్టకుండా కొయ్యలకు రాస్తారు, మిగిలింది కాలువలో పారబోస్తారు. చర్మానికి అది మంచిది కాదు, బావి నీళ్లకు అసలే కాదు. చట్టం దాన్ని ప్రమాదకర వ్యర్థంగా చూస్తుంది. డబ్బాలో పట్టి, కాలిన ఆయిల్‌ను రీసైక్లింగ్‌కు పంపే సర్వీస్ సెంటర్లో ఇచ్చేయండి.